మైకు మాష్టారు రాసిచ్చిన నాన్న

జూన్ 20

చెల్లీ,

మొన్న ఫోన్ ఠపీమని పెట్టేశావు చూడు, అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో మనిద్దరమూ మాట్లాడతాం, వినేవాళ్ళే ఉండరు. కాగితం మీదైతే నా మాటకు నువ్వు అడ్డురాలేవు. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు. నీ రాత ఇంకా కోడి గీకినట్టే ఉందో, కాస్త బాగుపడిందో చూస్తాను.

విషయానికొస్తా. గువ్వను ఇంగ్లీషు ట్యూషన్‌లో చేర్పించావట! దాని పెద్దమ్మను నేను ఇన్నేళ్ళుగా హైస్కూల్లో అదే ఇంగ్లీషు చెప్పి గొంతు అరగదీసుకుంటుంటే, ఇంట్లో బావి పెట్టుకుని బజార్లో నీళ్ళు కొంటావా?

ఆ మైకు మాష్టారి పోస్టర్లు మా ఊళ్ళోనూ ఉన్నాయి. ఇక్కడ కూడా బ్రాంచి తెరిచాడు. బస్టాండు గోడ మీద కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, మనందరి అజ్ఞానాన్నీ క్షమించేసినట్టు నవ్వుతుంటాడు. గుప్పెడు మంది పిల్లలున్న గదిలో కూడా కాలరుకు మైకు తగిలించుకుని పాఠం చెబుతాడట. పిల్లలే ఆ పేరు పెట్టారు. ఈ కాలం పిల్లల్లో నాకు నచ్చిన తెలివి అదొక్కటే.

మా పదో తరగతి చూస్తే నీకు తెలుస్తుంది. తెల్లారకముందే ట్యూషన్‌కు పరిగెడతారు. నా పీరియడ్ వచ్చేసరికి తలలు బల్లల మీద వాలిపోతాయి. ఒకమ్మాయిని లేపితే, "ఈ పాఠం మాకు ట్యూషన్లో ఎప్పుడో అయిపోయిందండీ" అంది. పాఠం అయిపోవడమేమిటే? అదేమన్నా జ్వరమా, ఒకసారి వచ్చి తగ్గిపోవడానికి?

గువ్వను మానిపించు. సెలవుల్లో నా దగ్గరికి పంపించు.

ఇట్లు,
బజార్లో దొరకని మీ అక్క

జూలై 2

అక్కా,

నీ ఉత్తరం ల్యాబ్‌లో భోజనాల వేళ చదివాను. రక్తపరీక్షకు వచ్చిన పెద్దాయన నా మొహం చూసి, "ఏమ్మా, చెడ్డ కబురా?" అన్నాడు. "మా అక్క రాసిందండీ" అన్నాను. "ఓహో" అని ఊరుకున్నాడు. ఆయనకూ అక్క ఉన్నట్టుంది.

నీ దగ్గర బావి ఉంది, కాదనను. తోడుకోబోతే ఆ బావే తిడుతుంది. పోయిన సెలవుల్లో భోజనాల దగ్గర గువ్వ ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడితే మూడు తప్పులు పట్టావు. ఆ ముక్కలో ఉన్నవే నాలుగు మాటలు. మళ్ళీ నీ దగ్గరికి పంపితే తెలుగు కూడా మర్చిపోతుంది.

నీకు తెలియని సంగతి ఒకటుంది. వేసవికి ముందు బళ్ళో ప్రార్థన అయ్యాక దాన్ని ఇంగ్లీషు వార్తలు చదవమన్నారు. 'ఐలాండ్' అనాల్సింది 'ఇస్లాండ్' అని చదివింది. బడి బడంతా నవ్వింది. ఆ రోజు నుంచి దాని పేరే ఇస్లాండ్. నడవాలో ఎదురైతే, "ఇస్లాండ్, చుట్టూ నీళ్ళున్నాయా?" అంటారట. అప్పట్నుంచి క్లాసులో నోరు విప్పడం మానేసింది. తెలుగు పీరియడ్‌లో కూడా.

మైకు మాష్టారు దాని చేత నోరు తెరిపిస్తున్నాడు. నాకు అది చాలు. ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడాలన్నది ఆయన నియమం. మా ఆయన ఉత్సాహం చూడాలి! తలుపుకు, బీరువాకు, బకెట్టుకు ఇంగ్లీషు పేర్లు రాయించి అంటించాడు. మొన్న పొద్దున్నే బస్సు డిపోకు వెళ్తూ గువ్వకు గుడ్ నైట్ చెప్పాడు. ఎవరమూ దిద్దలేదు. నువ్వు లేవు కదా.

నీ చెల్లి
(రాత బాగుపడిందో లేదో రాయి)

జూలై 14

చెల్లీ,

రాత బాగుపడింది. బుద్ధే అక్కడక్కడా కొట్టివేతలతో ఉంది.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలా! మరి మరిదిగారు కూతురితో ఏం మాట్లాడతారే? బస్సుల మెకానిక్‌కు వచ్చిన ఇంగ్లీషు గేరు, క్లచ్చు, బ్రేకు. ఆ మూడింటితో పదిహేనేళ్ళ పిల్లను నడపగలరా? ఇంటి యజమానికి ఇంట్లో పరాయి దేశం చూపించారు కదే తల్లీకూతుళ్ళు!

మైకు మాష్టారు నోరెలా తెరిపిస్తాడో చెబుతాను, విను. పోయిన వారం మా పదో తరగతికి 'మా అమ్మ' అని వ్యాసం ఇచ్చాను. ఆయన దగ్గర చదివే పిల్లలందరూ ఒకే అమ్మను రాసుకొచ్చారు. ఆవిడ సూర్యుడికంటే ముందే లేస్తుంది. ఇంటికి దీపం. పిల్లల్ని చిరునవ్వుతో నిద్రలేపుతుంది. ఒక తరగతి మొత్తానికి ఒకే తల్లి సరిపోతుందని నాకింతవరకూ తెలియదు.

అందులో ఒక పిల్లకు తల్లి లేదు. మూడో తరగతిలో ఉండగా పోయింది. ఆ పిల్ల కూడా, మా అమ్మ రోజూ నన్ను చిరునవ్వుతో నిద్రలేపుతుందని రాసింది. పిలిచి అడిగాను, ఇదేమిటే అని.

"ఇలా రాస్తే మార్కులొస్తాయని సార్ చెప్పారు మేడం" అంది. కాగితం మడుస్తూ, "మా అమ్మ గురించి రాద్దామంటే నాకు మాటలు రావండీ" అంది.

ఎర్ర సిరా పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాను. ఏం దిద్దమంటావు? వ్యాకరణమంతా సరిగ్గానే ఉంది.

ఇట్లు,
మీ అక్క

ఆగస్టు 25

అక్కా,

తల్లి లేని పిల్ల కథ నాకెందుకు రాశావో అర్థం కానంత అమాయకురాలిని కాను. నేను బతికుండగానే గువ్వకు తల్లి లేనట్టేనని నీ భావం. పగలంతా ల్యాబ్‌లో ఉంటే తల్లి కాదా? ఆ కోపంతోనే ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది నీ నోరు మూయించే కబురుంది కాబట్టి.

గువ్వకు బళ్ళో ఇంగ్లీషు ఉపన్యాసాల పోటీలో మొదటి బహుమతి వచ్చింది! మన గువ్వకు! నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు. మైకు మాష్టారు దాని ఫొటో పోస్టర్ మీద వేయించాడు. ఉపన్యాసం పేరు 'మై ఫాదర్, మై హీరో'. మా ఆయన సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా ఆయనే కొట్టాడు చప్పట్లు.

దాచడమెందుకు, నువ్వెలాగూ లాగుతావు. ఉపన్యాసం మాష్టారే రాసిచ్చాడు. అందులో నాన్న ఇంజనీరు. వంతెనలు కడతాడు. సాయంత్రం ఇంటికొచ్చి కూతురితో ప్రపంచ వార్తలు చర్చిస్తాడు. అయ్యాక మాష్టారి దగ్గరికెళ్ళి అడిగాను. "మెకానిక్ అంటే ఉపన్యాసం కిందకి దిగిపోతుందమ్మా. అయినా ఇంజనీరంటే ఎవరండీ? ఇంజను చూసేవాడేగా!" అని నవ్వేశాడు.

దారిలో మా ఆయన అడిగాడు, "నా గురించి ఏం చెప్పిందే?" అని.

"మంచివాడివని చెప్పింది" అన్నాను.

అబద్ధం కాదు కదా. నువ్వు మాత్రం మొదలెట్టకు.

చెల్లి

సెప్టెంబర్ 1

చెల్లీ,

మొదలెడతాను.

ఆ మనిషి సెలవు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, ఎవడో ముక్కూమొహం తెలియని ఇంజనీరుకు చప్పట్లు కొట్టాడే! కన్న కూతురు నలుగురిలో నాన్నను మార్చేస్తే, కట్టుకున్న పెళ్ళాం పక్కనే కూర్చుని విన్నది. విని ఏం చేసింది? మంచివాడివని చెప్పిందంది! ఇద్దరూ కలిసి ఆయనకు అర్థం కాని భాషలో ఆయన్ను ఇంట్లోంచి పంపించేశారు. దానికి బహుమతి కూడానూ.

ఆయన బాగుచేసిన బస్సుల్లో ఊరంతా తిరుగుతోంది. మైకు మాష్టారు కట్టిన వంతెన ఎక్కడుందో నాకు చూపించు.

మరిదిగారికి నేనే రాస్తాను. తెలుగులో, అర్థమయ్యేలా.

అక్క

సెప్టెంబర్ 22

అన్నంత పనీ చేశావు. తృప్తేనా?

మొన్న ఆయన డిపో నుంచి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "నేను వంతెనలు కడతానటగా" అన్నాడు. ఎవరన్నారంటే, "చెప్పాల్సినవాళ్ళు చెప్పార్లే" అన్నాడు. అంతే. కేకలేస్తే బాగుండేది. డిపోలో అందరూ "ఇంజనీరుగారూ, ఈ బోల్టు కాస్త బిగిస్తారా?" అంటున్నారట.

నిన్న గువ్వ, "నాన్నా, రేపు బళ్ళో తల్లిదండ్రుల మీటింగు, వస్తావా?" అని అడిగింది. తెలుగులోనే అడిగింది.

"ఇంజనీర్లకు తీరిక ఉండదమ్మా" అన్నాడు.

అది స్నానాల గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. చాలాసేపు కుళాయి తిప్పే ఉంచింది.

నువ్వు నిజం చెప్పి గొప్పదానివయ్యావు. నా ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో ఉన్నాం. ఇక రాయకు.

అక్టోబర్ 3

చెల్లీ,

రాయకు అన్నావు కాబట్టి రాస్తున్నాను. మరిదిగారికి నేను రాయలేదు. రాసిన మాట నిజం, పంపలేదు. మళ్ళీ చదువుకుంటే, ఏ భాషలో చెప్పినా ఆ మాట వినడానికి బాగాలేదు. చించేశాను. నమ్మితే నమ్ము, లేకపోతే నీ ఖర్మ.

ఇక్కడ నా సంబరం కూడా విను. మా హెడ్మాస్టరు మైకు మాష్టారినే బడికి పిలిపించాడు, వారానికోసారి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పడానికి. ఏ పీరియడ్‌లో? నా పీరియడ్‌లో. నా పని హాజరు పిలిచి వెనక బెంచీలో కూర్చోవడం. పెళ్ళికొడుకును గుర్రమెక్కించి, పక్కన గొడుగు పట్టుకున్నట్టుంది నా బతుకు.

ఆ తల్లి లేని పిల్ల మూడేళ్ళుగా నా క్లాసులో నోరు విప్పలేదు. ఆయన, "నీకిష్టమైన జంతువు ఏదమ్మా?" అంటే లేచి గడగడా మాట్లాడింది. మేక గురించి. తప్పులతోనే మాట్లాడింది. ఆయన ఒక్కటీ దిద్దలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన దిద్దనందుకో, ఆ పిల్ల మాట్లాడినందుకో ఇంకా తేల్చుకోలేదు.

గువ్వ ఎలా ఉంది?

అక్క

నవంబర్ 10

అక్కా,

చెప్పింది నువ్వు కాదు. డిపోలో ఒక డ్రైవరు కొడుకు గువ్వతోపాటే ట్యూషన్‌కు వెళ్తాడు. ఉపన్యాసం వాడు ఇంట్లో చెప్పాడట, డ్రైవరు డిపోకు మోసుకొచ్చాడు. పొరపాటు నాదేనని రాయమంటావా? రాయను. నువ్వు చేస్తానన్న పనినే చేశావని నమ్మాను. అది గౌరవమే అనుకో.

గువ్వ ఎలా ఉందని అడిగావు. తింటోంది, చదువుతోంది. ఆయన ఇంట్లోకి రాగానే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంటోంది. ఆయనా దాన్ని పలకరించడు.

ఇంకో సంగతి. ఈ నెలాఖర్లో హైస్కూళ్ళ మధ్య ఇంగ్లీషు పోటీ మీ బళ్ళోనేనట కదా. గువ్వ మా బడి తరఫున వస్తోంది. ఆ పాత ఉపన్యాసమే చెప్పాలని మాష్టారి పట్టు. గెలిచిన గుర్రాన్ని మార్చకూడదట. నాకు ల్యాబ్‌లో సెలవు దొరకదు. ఆ రాత్రికి దాన్ని మీ ఇంట్లో పడుకోనిస్తావా?

చెల్లి

నవంబర్ 14

చెల్లీ,

ఎంత తెలివి! ఆ పోటీకి ముగ్గురు జడ్జీల్లో నేనొకతెనని నీకు తెలియదు పాపం. పిల్ల రాత్రికి పెద్దమ్మ పక్కలోనే పడుకుంటుందంటే, పగలు పెద్దమ్మ పెన్ను దానంతటదే మార్కులు వేసేస్తుంది. మైకు మాష్టారి దగ్గర పిల్ల ఏం నేర్చుకుందో గాని తల్లి బాగానే నేర్చుకుంది.

నా పిల్ల పోటీలో ఉందని హెడ్మాస్టరుకు చెప్పి జడ్జీ పని వదులుకున్నాను. గంట కొట్టే పని ఇచ్చారు. సమయం దాటినా, ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడినా గంట కొట్టాలి. పడుకోవడానికి మా బడి హాస్టల్లో గది ఉంది.

అక్క

నవంబర్ 17

నువ్వు జడ్జీవని నాకు నిజంగా తెలియదు. తెలిసుంటే నీ ఇంటి గడప కూడా తొక్కవద్దని చెప్పేదాన్ని.

పిల్లలు వచ్చే బస్సు పాతది. దారిలో ఆగితే చూసుకోవడానికి మెకానిక్‌ను కూడా పంపుతున్నారు. డ్యూటీ మా ఆయనకు పడింది. తప్పించుకోవాలని చూశాడు, కుదరలేదు. హాల్లోకి మాత్రం రానన్నాడు. ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు. మాట్లాడుకుంటారనే ఆశ నాకు లేదు.

నవంబర్ 27

చెల్లీ,

కూర్చుని చదువు. ల్యాబ్‌లో వద్దు, ఇంటికెళ్ళి చదువు. వాళ్ళిద్దరూ నీకేం చెప్పారో తెలియదు. చెప్పి ఉండరు, ఇద్దరూ ఇద్దరే. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

హాలు నిండింది. ముందు వరసలో మైకు మాష్టారు, కోటుతో సహా. మొదటి పిల్ల లేచి 'మై ఫాదర్, మై హీరో' అంది. ఇంజనీరు, వంతెనలు, ప్రపంచ వార్తలు. చప్పట్లు. తర్వాత ఇంకో ఊరి పిల్లవాడు లేచాడు. వాడి నాన్నా ఇంజనీరే. హాల్లో గుసగుసలు. మూడో పిల్ల నోరు తెరిచి "మై ఫాదర్" అనగానే వెనక బెంచీలు పగలబడి నవ్వాయి. పాపం, ఆ పిల్ల తన జడ ఊడిందేమోనని తడుముకుంది. మాష్టారు ఊరూరా బ్రాంచీలు పెట్టి అన్నిచోట్లా ఒకే నాన్నను పంచిపెట్టాడు. ఆ నాన్నలంతా ఒకరోజు ఒకే హాల్లో కలుసుకుంటారని ఆయనకు తోచలేదు. నేను గంట పక్కన కూర్చుని ఎంత ఆనందించానో నీకు చెప్పనక్కర్లేదు. తర్వాత పిలుపు గువ్వది. నా ఆనందం అక్కడితో సరి.

మైకు ముందుకొచ్చి నిలబడింది. మాట్లాడదు. జనం అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అది తలుపువైపు చూసింది. నేనూ చూశాను. రానన్న మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, పని బట్టల్లోనే, చేతిలో గుడ్డ ముక్కతో.

"ఐ ఆల్సో హ్యావ్ ద సేమ్ ఫాదర్" అంది గువ్వ. నాకూ అదే నాన్న అని!

హాలు కప్పు లేచిపోయిందనుకో. ముందు మాట్లాడిన ముగ్గురు పిల్లలూ కూడా నవ్వేశారు. ఒక్క కోటు మాత్రం నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, ఇంకో మాట అంది. ఆ ఇంజనీరు ఉపన్యాసంలో ఉంటాడట, ఇంట్లో వేరే ఆయన ఉన్నాడట. ఆయన గురించి చెప్పింది. రోజూ చేతులు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటాడని, అయినా గ్రీజు వాసన పోదని, ఇంట్లో తలుపుకు, బకెట్టుకు ఇంగ్లీషు పేర్లు అంటించింది ఆయనేనని. ఇంగ్లీషులోనే చెప్పింది. తప్పులున్నాయి. ఎన్నో అడక్కు, లెక్కపెట్టలేదు.

ఒకచోట మాట దొరక్క ఆగిపోయింది. వెతుక్కుంది. దొరకలేదు. గుమ్మంవైపు తిరిగి తెలుగులోకి వచ్చేసింది.

"మేం వచ్చిన బస్సు బ్రేకులు మా నాన్నే చూశాడు. అందుకే దారంతా నేను నిద్రపోయాను. ఆ ఇంజనీరు నాన్న సంగతి నాకు తెలీదు గానీ, ఈయన చూశాడంటే నాకు నిద్ర పడుతుంది."

గంట కొట్టమని హెడ్మాస్టరు సైగ చేశాడు. నా చెయ్యి గంట మీదే ఉంది. కొట్టలేదు. మళ్ళీ సైగ చేశాడు. నేను అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగంలో చేరాక నేను చేసిన మొదటి అక్రమం అదే.

బహుమతి మొదటి ఇంజనీరుకు ఇచ్చారు. నియమం నియమమే కదా.

మరిదిగారు చప్పట్లు కొట్టలేదు. చూసేసరికి గుమ్మంలో లేరు. బయటికెళ్తే బస్సు బానెట్ ఎత్తి అందులో తల పెట్టి ఉన్నారు. "బండికేమైందండీ?" అన్నాను. "ఏం కాలేదు వదినగారూ" అన్నారు, తల బయటికి తీయకుండానే. గువ్వ వచ్చి పక్కన నిలబడింది. చాలాసేపటికి ఆయన చెయ్యి చాపారు. అది పానా అందించింది. ఆ బండికి బిగించాల్సింది ఏమీ లేదని ముగ్గురికీ తెలుసు.

ఆ రాత్రి ఇద్దరూ మా ఇంట్లోనే పడుకున్నారు. హాస్టలు గది తాళం దొరకలేదని చెప్పాను. నమ్మినట్టు నటించారు.

నీ అక్క

జనవరి 8

అక్కా,

నీ ఉత్తరం ఇంట్లోనే చదివాను. రెండోసారి చదువుతుంటే ఆయన చూసి "ఏం రాసింది?" అన్నాడు. "నువ్వు మంచివాడివని రాసింది" అన్నాను. ఈసారి ఉత్తరం చేతికిచ్చి చదువుకోమన్నాను.

మైకు మాష్టారు పోటీ అయిన మరునాడే గువ్వను ట్యూషన్‌లోంచి తీసేశాడు, పోస్టర్ మీద దాని మొహానికి కాగితం అంటించాడు. అది ఏడవలేదు. "నోరు తెరవడం ఆయన దగ్గరే వచ్చిందమ్మా, తిట్టకు" అంది. ఇప్పుడు అదీ, ఇంకో ఇద్దరు పిల్లలూ మా మేడమెట్ల మీద కూర్చుని ఇంగ్లీషు చెప్పుకుంటున్నారు. ఒకరి తప్పుకు ఇంకొకరు నవ్వుతారు, ముగ్గురూ నవ్వుతారు. తప్పో ఒప్పో తేలనివి దాచిపెట్టి నీకు పంపుతానంటోంది. దిద్ది పంపు. దిద్దేటప్పుడు నీ నాలుకను కాస్త పక్కన పెట్టు.

అసలు కబురు ఇది. నిన్న మా ల్యాబ్ డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన కూతురు మైకు మాష్టారి కొత్త బ్యాచిలో చేరింది. "ఏమ్మా, మా అమ్మాయి అద్దం ముందు నిలబడి, మా నాన్న చేతులు గ్రీజు వాసన వస్తాయని ఇంగ్లీషులో అంటోంది. నేను బస్సు బ్రేకులు బాగుచేస్తానట. నాకేం అర్థం కావడంలేదు" అని తన చేతులు తనే వాసన చూసుకున్నాడు. ఆరా తీస్తే తేలింది. మైకు మాష్టారు ఇంజనీరు ఉపన్యాసం పక్కన పడేశాడు. కొత్తదాని పేరు 'మై ఫాదర్, ద మెకానిక్'. ఆఖరి రెండు ముక్కలు తెలుగులో చెప్పి గొంతు వణికించాలట. అన్ని బ్రాంచీల్లోనూ ఇప్పుడు అదే బట్టీ కొట్టిస్తున్నాడు. వకీళ్ళ పిల్లలు, బ్యాంకు మేనేజర్ల పిల్లలు, వీళ్ళందరి నాన్నలూ బస్సులు బాగుచేస్తున్నారు.

సాయంత్రం ఆయన చేతులు కడుక్కుంటుంటే చెప్పాను. కోపమొస్తుందేమోనని భయపడ్డాను. చేతిలో సబ్బు కింద పెట్టాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. గోడకు చెయ్యి ఆనించి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మెట్ల మీదున్న గువ్వ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

"ఇన్నాళ్ళూ నాకు ఒక్కతే కూతురనుకున్నానే!" అన్నాడు.

నీ చెల్లి